ఇంగ్లండ్‌లో టీచర్ ఉద్యోగం: ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి, ఏజెన్సీ... ఏది మేలు?

స్లౌ, రెడింగ్, మిల్టన్ కీన్స్ లాంటి ఊళ్లలో ఉండే తెలుగు కుటుంబాల్లో ఒక పరిస్థితి తరచుగా కనిపిస్తుంది. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద వస్తారు. భార్యకు మన దేశంలో చేసిన ఎమ్మెస్సీ, బీఈడీ, నాలుగైదేళ్ల అనుభవం ఉంటాయి. పిల్లలు బడికి వెళ్లడం మొదలుపెట్టాక, తానూ పాఠం చెప్పాలన్న ఆలోచన మళ్లీ మొదలవుతుంది. ఇంకోపక్క హైదరాబాద్, విజయవాడల నుంచే నేరుగా వీసా మీద వెళ్లాలనుకునేవాళ్లు ఉన్నారు. ఇద్దరి ముందూ ఉన్న దారులు ఇంచుమించు ఇవే: ప్రభుత్వ నిధులతో నడిచే స్కూలు, ఫీజులతో నడిచే ప్రైవేటు స్కూలు, స్కూళ్లకు తాత్కాలిక టీచర్లను పంపి రోజుకింత అని ఇచ్చే సప్లై ఏజెన్సీ. మూడింట్లోనూ పని పాఠం చెప్పడమే. పైకి చూస్తే జీతాలూ దగ్గరదగ్గరగానే కనిపిస్తాయి. అసలు తేడా పెన్షన్ దగ్గర వస్తుంది. మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోనిదీ అదే. అందుకే ఈ వ్యాసంలో దాని గురించే ఎక్కువ రాస్తున్నాను. ఇదంతా ఇంగ్లండ్ సంగతి మాత్రమే, స్కాట్లాండ్ పద్ధతి వేరు.

ముందు ఉద్యోగాల మాట. డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసిన మనకు, టీచర్ల కోసం స్కూళ్లు ఎదురుచూడటం వింతగా అనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో 2022-23లోనూ, 2023-24లోనూ ఫిజిక్స్ టీచర్ శిక్షణలో చేరినవారు ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యంలో 17 శాతమే. అదే 2023-24లో వ్యాయామ విద్యకు, చరిత్రకు లక్ష్యానికి మించి చేరారు. కాబట్టి ‘ఇంగ్లండ్‌లో టీచర్ల కొరత’ అనే మాటను ఎప్పుడూ సబ్జెక్టుతో కలిపే వినాలి. ఫిజిక్స్ డిగ్రీ చేసినవారికి బయట ఇంతకంటే మంచి జీతాలు దొరుకుతాయి. బళ్లో చేరినవాళ్లలోనూ సుమారు మూడో వంతు మంది అయిదేళ్లలోపే పని భారం తట్టుకోలేక, లేదా వేరే కారణాలతో మానేస్తారు. ఈ ఖాళీలు నింపడానికే 2023 ఫిబ్రవరి నుంచి భారత్ సహా మరికొన్ని దేశాల టీచర్లకు క్యూటీఎస్, అంటే అక్కడి టీచర్ అర్హత హోదా, నేరుగా తెచ్చుకునే వీలు కల్పించారు. మన దేశం నుంచి వెళ్లేవారికి షరతు ఏమిటంటే, 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు లెక్కలు, సైన్స్ లేదా భాషలు బోధించే అర్హత ఉండాలి. ప్రైమరీ టీచర్లకు, సోషల్ టీచర్లకు ఈ దారి లేదు. ప్రభుత్వ వెబ్‌సైటులో పెట్టుకునే ఈ దరఖాస్తుకు ఫీజు లేదు. దీనికి వేలకు వేలు అడిగే కన్సల్టెన్సీలకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ప్రభుత్వ బడి జీతం

ప్రభుత్వ నిధుల స్కూళ్లు రెండు రకాలు. స్థానిక కౌన్సిల్ కింద ఉండేవి ఒకటి, ట్రస్టులు నడిపే అకాడమీలు ఇంకొకటి. సెకండరీ స్కూళ్లలో పదింట ఎనిమిదికి పైగా అకాడమీలే. చట్టప్రకారం అకాడమీలు సొంత స్కేలు పెట్టుకోవచ్చు గానీ చాలావరకు జాతీయ స్కేలునే పాటిస్తాయి. పెన్షన్ విషయంలో మాత్రం రెండింటికీ తేడా లేదు.

2025 సెప్టెంబర్ నుంచి లండన్ బయట మొదటి మెట్టు, ఎం1 అంటారు, ఏడాదికి 32,916 పౌండ్లు. ఆరో మెట్టు ఎం6 దగ్గర 45,352. ఆపైన అప్పర్ స్కేలు 51,048 దాకా వెళ్తుంది. ఇన్నర్ లండన్‌లో మొదలే 40,317, చివర 62,496. ఊరును బట్టి వచ్చే చిన్న తేడాలనూ గమనించాలి. స్లౌ లండన్ శివారు స్కేలులోకి వస్తుంది, రెడింగ్ రాదు. పక్కపక్క ఊళ్లే అయినా మొదటి మెట్టు దగ్గరే 1,482 పౌండ్ల తేడా.

ఇక్కడ మనవాళ్లు నష్టపోయే చోటు ఒకటుంది. మన దేశంలో చేసిన సర్వీసును లెక్కలోకి తీసుకోవాలన్న నియమం ఏదీ లేదు. ఏ మెట్టు మీద తీసుకోవాలో స్కూలు ఇష్టం. పదేళ్ల అనుభవం ఉన్న మ్యాథ్స్ టీచర్‌ను ఎం1లో పెట్టినా ఎవరూ తప్పు పట్టరు. ఇంటర్వ్యూ అయ్యాక ‘మీకు ఉద్యోగం ఇస్తున్నాం’ అన్న ఫోను వచ్చిన పూటే మెట్టు సంగతి మాట్లాడుకోవాలి. సరే అన్నాక అడిగితే ఫలితం ఉండదు. మొహమాటపడి ఊరుకున్నవాళ్లకు ఆ తేడా జీతంలోనే కాదు, పెన్షన్‌లోనూ కనపడుతుంది.

పని గంటలు కాగితం మీద చూస్తే ఏడాదికి 195 రోజులు, 1,265 గంటలు. దిద్దే పుస్తకాలు, పాఠాల తయారీ కలిపితే ఫుల్‌టైమ్ టీచర్‌కు బడి నడిచే వారాల్లో 50 గంటలు దాటుతుంది. జబ్బు చేస్తే మొదటి ఏడాదిలోనే 25 పనిదినాలకు పూర్తి జీతం, నాలుగు నెలల సర్వీసు దాటితే ఇంకో 50 రోజులకు సగం జీతం. నాలుగో ఏడు నుంచి అది 100 రోజులు పూర్తిగా, 100 రోజులు సగం.

పెన్షన్ లెక్క

మన రాష్ట్రాల్లో పాత పెన్షన్, సీపీఎస్ గొడవ తెలియని టీచర్ ఉండరు. 2004 సెప్టెంబర్ నుంచి చేరినవాళ్లకు ఉద్యోగి వాటా పది శాతం, ప్రభుత్వ వాటా పది శాతం మార్కెట్‌లోకి వెళ్తాయి, చివరికి ఎంత వస్తుందో చెప్పే నాథుడు లేడు. ఇంగ్లండ్ టీచర్స్ పెన్షన్ స్కీమ్, అంటే టీపీఎస్, ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. చివరి జీతంలో సగం అనే పద్ధతి కాదు. అలాగని మార్కెట్‌కు వదిలేసేదీ కాదు.

2015 నుంచి నడుస్తున్న పద్ధతిలో ప్రతి ఏడాదీ ఆ ఏటి జీతంలో 57వ వంతు మీ పెన్షన్ ఖాతాలో రాసిపెడతారు. 45,352 పౌండ్ల జీతం మీద అది సుమారు 796 పౌండ్లు. ఇది ఒక్కసారి ఇచ్చే సొమ్ము కాదు. రిటైరయ్యాక బతికున్నంతకాలం ఏటా వచ్చే మొత్తం. మరుసటి ఏడు ఇంకో 57వ వంతు దానికి కలుస్తుంది. సర్వీసులో ఉన్నన్నాళ్లూ పాత మొత్తాలన్నీ ధరల పెరుగుదల మీద 1.6 శాతం అదనంగా పెరుగుతూ పోతాయి. ఉద్యోగం మానేస్తే ఆ 1.6 ఆగిపోతుంది కానీ ధరలతో పాటు పెరగడం ఆగదు. అయిదేళ్లు 45,000 జీతం మీద పనిచేసి ఇండియా వచ్చేసినవారికి, ఆ పెరుగుదలలు కలపకుండానే ఏడాదికి దాదాపు 3,950 పౌండ్ల పెన్షన్ రాసిపెట్టి ఉంటుంది.

ఇందుకు మీ జీతంలోంచి 7.4 శాతంతో మొదలై, జీతం పెరిగేకొద్దీ ఎక్కువ శాతం కోస్తారు. స్కూలు కట్టేది 28.68 శాతం. 2019 దాకా అది 16.48 ఉండేది. సర్వీసులో ఉండగా చనిపోతే కుటుంబానికి మూడేళ్ల జీతం ఇస్తారు, అది వేరు.

లోపాలూ ఉన్నాయి, వాటినీ చూడాలి. పూర్తి పెన్షన్ వచ్చే వయసు దేశ పెన్షన్ వయసే. 1978 ఏప్రిల్ తర్వాత పుట్టినవాళ్లకు ప్రస్తుత చట్టం ప్రకారం అది 68. ముందే తీసుకుంటే కోత పడుతుంది. మన పీఎఫ్ లాగా ఇల్లు కట్టుకోవడానికి మధ్యలో తీసుకునే వీలు లేదు. సర్వీసు రెండేళ్లు నిండకుండా వదిలేస్తే పెన్షన్ హక్కు ఉండదు, మీరు కట్టింది పన్ను పోను వెనక్కి వస్తుంది, స్కూలు వాటా రాదు.

తిరిగి ఊరికి వచ్చేయాలనుకునేవాళ్లు ఇంకో విషయం కూడా తెలుసుకోవాలి. బ్రిటన్ ప్రభుత్వం అందరికీ ఇచ్చే స్టేట్ పెన్షన్‌కు కనీసం పదేళ్లు చందా కట్టి ఉండాలి. అది వచ్చినా, భారత్‌లో స్థిరపడినవారికి ఏటా పెంచరు, మొదట ఎంత వచ్చిందో చివరిదాకా అంతే. టీపీఎస్ పెన్షన్ మాత్రం మీరు గుంటూరులో ఉన్నా ధరలతో పాటు పెరుగుతుంది. రిటైరయ్యాక ఇరవయ్యేళ్లు బతికే మనిషికి ఈ తేడా చాలా పెద్దది.

ప్రైవేటు స్కూలు ఇచ్చేదేమిటి

ప్రైవేటు స్కూళ్ల ప్రకటనల్లో ‘సొంత పే స్కేలు, జాతీయ స్కేలు కంటే మెరుగు’ అన్న వాక్యం తరచుగా ఉంటుంది. చాలాచోట్ల అది నిజమే. క్లాసులో పిల్లలు తక్కువ, సెలవులు ఎక్కువ, మధ్యాహ్నం భోజనం అక్కడే, చాలా స్కూళ్లలో సిబ్బంది పిల్లలకు ఫీజు రాయితీ. బోర్డింగ్ స్కూలైతే కొందరికి ఇల్లు కూడా ఇస్తారు. దానికి తగ్గట్టు శనివారం క్లాసులు, సాయంత్రం డ్యూటీలు ఉంటాయి. క్యూటీఎస్ లేకున్నా తీసుకోవచ్చు కాబట్టి కొత్తగా వెళ్లినవారికి తలుపు తొందరగా తెరుచుకుంటుంది.

అయితే టీపీఎస్‌లో ఉండాలన్న నిర్బంధం వీటికి లేదు. యజమాని వాటా 2019లో 23.68కి, 2024 ఏప్రిల్‌లో 28.68కి పెరగడంతో వందల స్కూళ్లు బయటికి వచ్చేశాయి. 2022 ఫిబ్రవరిలో గర్ల్స్ డే స్కూల్ ట్రస్టుకు చెందిన 23 స్కూళ్లలో టీచర్లు సమ్మె చేసింది దీనికోసమే. ఆ ట్రస్టు చరిత్రలో అదే మొదటి సమ్మె. ఆపైన 2025 జనవరి నుంచి ప్రైవేటు ఫీజుల మీద 20 శాతం వ్యాట్ పడింది. ఖర్చు తగ్గించుకోవాలన్న ఒత్తిడి ఇంకా పెరిగిందే తప్ప తగ్గలేదు.

2021 నుంచి ఇంకో వెసులుబాటు వచ్చింది. పాత సిబ్బందిని టీపీఎస్‌లోనే ఉంచి, కొత్తగా చేరేవాళ్లకు మాత్రం అది ఇవ్వకుండా ఉండొచ్చు. స్టాఫ్‌రూమ్‌లో పక్క కుర్చీలోని టీచర్‌కు టీపీఎస్ ఉండొచ్చు, మీకు ఉండకపోవచ్చు. మనవాళ్లు ఎప్పుడూ ‘కొత్తగా చేరేవాళ్లే’ కదా. ‘మా స్కూల్లో టీపీఎస్ ఉంది’ అని తెలిసినవాళ్లు చెప్పిన మాట మీకు వర్తించకపోవడానికి కారణం ఇదే.

టీపీఎస్ లేనిచోట మీ పేరిట ఒక పెన్షన్ నిధి తెరిచి, స్కూలు కొంత, మీరు కొంత వేస్తారు. చట్టం అడిగే యజమాని వాటా కనీసం 3 శాతమే, పేరున్న స్కూళ్లు అంతకు బాగా ఎక్కువే ఇస్తాయి. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ప్రైవేటు స్కూలు 48,000 జీతం, 15 శాతం పెన్షన్ వాటా ఇస్తోంది. ప్రభుత్వ బడి ఎం6లో 45,352 ఇస్తోంది. జీతంలో ప్రైవేటు 2,648 పౌండ్లు ఎక్కువ. పెన్షన్ వాటా ప్రైవేటులో 7,200, ప్రభుత్వ బడిలో 13,007. రెండూ కలిపితే ప్రభుత్వ బడే 3,159 పౌండ్లు ముందుంది. పైగా అక్కడ మార్కెట్ పడిపోతుందన్న టెన్షన్ లేదు.

ఏజెన్సీ సంగతి

దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పనిచేసిన రోజుకే డబ్బు, ఆగస్టులో బడి మూస్తే రాబడి కూడా ఆగుతుంది. పెన్షన్ చట్టం అడిగే కనీసమే, టీపీఎస్ ఉండదు. ఒకే స్కూల్లో 12 వారాలు దాటితే అక్కడి టీచర్లతో సమానంగా జీతం అడిగే హక్కు వస్తుంది, కానీ పెన్షన్‌కు అది వర్తించదు. ఏజెన్సీ చెప్పిన రేటు సబబా కాదా తేల్చుకోవాలంటే సులువైన లెక్క ఉంది: ఏడాది జీతాన్ని 195తో భాగించండి. ఎం1కు రోజుకు సుమారు 169 పౌండ్లు, ఎం6కు 233. ఎనిమిదేళ్ల అనుభవం ఉన్న సైన్స్ టీచర్‌ను 150కి రమ్మంటే ఎంత తగ్గించారో మీకే తెలుస్తుంది. అదే సప్లై పనిని కౌన్సిల్ స్కూలే నేరుగా ఇస్తే, ఈ 195 లెక్క ప్రకారం ఇవ్వాలి, టీపీఎస్ కూడా ఉంటుంది. ఇది తెలియక ఏజెన్సీ దగ్గరే ఉండిపోయినవాళ్లు చాలామంది.

మరి ఎవరికి ఏది?

లెక్కలు, సైన్స్ చెప్పేవాళ్లు, రెండేళ్లకు మించి ఉంటామన్న నమ్మకం ఉన్నవాళ్లు ప్రభుత్వ బడినే ఎంచుకోవాలని నా అభిప్రాయం. క్లాసులో అల్లరి ఎక్కువే, పని ఎక్కువే, మొదటి ఏడు కష్టంగానే గడుస్తుంది. అయినా జబ్బు చేస్తే జీతం, ముసలితనంలో లెక్క తెలిసిన పెన్షన్, ఇంకో స్కూలుకు మారినా తెగని సర్వీసు ఇంకెక్కడా ఇలా ఒకచోట దొరకవు.

రెండేళ్లలోపే తిరిగి వచ్చేస్తామన్నవారికి ప్రైవేటు మేలు. ఆ నిధిలో స్కూలు వేసిన సొమ్ము కూడా మీ పేరు మీదే ఉంటుంది. ఇద్దరు పిల్లలకు సగం ఫీజు రాయితీ వచ్చేచోట కూడా లెక్క తిరగబడొచ్చు, పిల్లలను ఎలాగూ ప్రైవేటులోనే చదివించాలనుకుంటే. టీపీఎస్‌లో కొత్తవాళ్లను ఇంకా చేర్చుకుంటున్న ప్రైవేటు స్కూలు దొరికితే రెండో ఆలోచన పెట్టుకోవద్దు.

డిపెండెంట్ వీసా మీద ఉన్నవారికి ఏజెన్సీ తొలి మెట్టుగా పనికొస్తుంది. అక్కడి పిల్లల యాస అలవాటు కావడానికి, పదహారేళ్ల పిల్లలు రాసే జీసీఎస్ఈ పరీక్షల సిలబస్ చేతికి రావడానికి, ఒక హెడ్‌టీచర్ చేత రిఫరెన్స్ రాయించుకోవడానికి రెండు మూడు టర్ములు చాలు. అంతకుమించి అక్కడే ఉంటే నష్టపోయేది మీరే.

ఆఫర్ వచ్చాక స్కూలును ఈ నాలుగూ అడిగి, ఈమెయిల్‌లో జవాబు తీసుకోండి: ఏ మెట్టు మీద తీసుకుంటున్నారు, కొత్తగా చేరేవారికి టీపీఎస్ ఉందా, దాన్ని వదిలే ఆలోచన మీద సంప్రదింపులేమైనా నడుస్తున్నాయా, జబ్బు సెలవుకు జీతం ఎన్ని రోజులు. ఇప్పటికే ప్రభుత్వ బడిలో ఉండి మారాలనుకునేవాళ్లు తేదీలు కూడా గుర్తుపెట్టుకోవాలి. డిసెంబర్ చివరికి వెళ్లాలంటే అక్టోబర్ 31లోపు, ఏప్రిల్ చివరికైతే ఫిబ్రవరి 28లోపు, ఆగస్టు చివరికైతే మే 31లోపు రాజీనామా ఇవ్వాలి. ఒక్క రోజు ఆలస్యమైతే ఇంకో టర్ము అక్కడే ఉండాల్సి వస్తుంది. కొత్త స్కూలు అంతకాలం ఆగుతుందన్న హామీ ఏమీ లేదు.