ఒక్క బ్యాగుతో హనోయ్ నుంచి సైగాన్ దాకా: వియత్నాంలో తక్కువ ఖర్చు ప్రయాణం ఎలా ఉంటుందంటే

వియత్నాం చవక అని అందరూ చెప్తారు. అక్కడ ఏది చవక, ఏది కాదు అన్నది మాత్రం కొన్ని వారాలు ఆ వీధుల్లో మసిలితేనే తెలుస్తుంది. హనోయ్, దనాంగ్, హోచిమిన్ సిటీ (దీన్నే పాత పేరుతో సైగాన్ అంటారు) మధ్య బ్యాగు తగిలించుకుని చాలా కాలం తిరిగాక నా అభిప్రాయం ఇది: ఈ నగరాల్లో పగలు ఎంత పొదుపుగానైనా గడపొచ్చు, రాత్రి నిద్ర దగ్గర మాత్రం పొదుపు చేయొద్దు.

ముందు డబ్బు సంగతి. లక్ష డాంగ్ అంటే మన డబ్బుల్లో సుమారు 330, 350 రూపాయల మధ్య. హాస్టల్ డార్మ్‌లో మంచం లక్షన్నర నుంచి రెండున్నర లక్షల డాంగ్‌కి దొరుకుతుంది, చాలాచోట్ల టిఫిన్ కూడా అందులోనే. తిండి, సిటీ బస్సులు, ఒక మ్యూజియం టికెట్ కలుపుకున్నా రోజుకి రెండున్నర, మూడు వేల రూపాయలు దాటదు. ఊరి నుంచి ఊరికి వెళ్లే ఖర్చు వేరు. చిన్న కొట్లలో నగదే నడుస్తుంది. 20 వేల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలం రంగే కాబట్టి వాటిని పర్సులో వేరువేరు అరల్లో పెట్టుకోండి. రాత్రిపూట మసక వెలుతురులో ఒకటి అనుకుని ఇంకొకటి ఇచ్చేయడం చాలా తేలిక.

ఇక నిద్ర. పాత హనోయ్‌లో ఇళ్లు వీధి వైపు సన్నగా, లోపలికి మాత్రం పొడవుగా ఉంటాయి. అందుకే చవక గదుల్లో చాలావాటికి కిటికీ ఉండదు. బుక్ చేసేముందు కిటికీ ఉందా అని తప్పకుండా అడగండి. డార్మ్ అయితే మంచానికి తెర, తలదగ్గర సొంత ప్లగ్ పాయింట్, బ్యాగు పట్టేంత లాకర్, ఈ మూడూ ఉండాలి, తాళం మీరే తీసుకెళ్లాలి. ఇవి ఉన్నచోటికీ లేనిచోటికీ తేడా రాత్రికి నూటయాభై రూపాయలకు మించదు. సైగాన్‌లో బుయ్ వియెన్ వీధి బ్యాక్‌ప్యాకర్ల అడ్డా. తెల్లవారేదాకా స్పీకర్లు మోగుతూనే ఉంటాయి. అక్కడికి నడిచి వెళ్లి చూసి రావడం బాగుంటుంది కానీ, పడక మాత్రం నాలుగైదు సందుల అవతల తీసుకోండి.

ఊళ్ల మధ్య ప్రయాణానికి అందరూ స్లీపర్ బస్సునే సిఫార్సు చేస్తారు. నేను చేయను. ఎక్కగానే చెప్పులు విప్పి కవర్లో వేసుకోవాలి, ముందు సీటు కిందున్న డబ్బాలాంటి దాంట్లోకి కాళ్లు దూర్చి పడుకోవాలి. ఐదడుగుల ఎనిమిదంగుళాలు దాటినవాళ్లకి మోకాళ్లు చాపే వీలుండదు. ఒక బస్సువాళ్లు నన్ను చెప్పిన టైముకన్నా చాలా ముందే, ఇంకా చీకటి ఉండగానే, ఊరి బయట హైవే పక్కన దించేశారు. అక్కడి నుంచి హాస్టల్‌కి బండి మాట్లాడుకునేసరికి బస్సులో మిగిలిందనుకున్న డబ్బులో సగం పోయింది.

రైలు ఖరీదు ఎక్కువే, అయినా ప్రతి పైసాకీ విలువ ఉంది. హనోయ్ నుంచి సైగాన్‌కి లైను 1,726 కిలోమీటర్లు. 1936లో పూర్తయింది, యుద్ధంలో తెగిపోయి 1976లో మళ్లీ నడిచింది. దనాంగ్ దాదాపు మధ్యలో ఉంటుంది కాబట్టి అక్కడ ఆగితే రెండు రాత్రి ప్రయాణాలుగా చక్కగా విడిపోతుంది. హనోయ్‌లో సాయంత్రం బయలుదేరే బండి ఎక్కితే, మర్నాడు పగటి వెలుతురులో హుయే నగరం దాటి హై వాన్ కనుమ వస్తుంది. అక్కడ బండి బాగా నెమ్మదిస్తుంది. ఎడమవైపు కొండ అంచు కిందే సముద్రం, మలుపు తిరిగినప్పుడల్లా మన ఇంజను మనకే కనిపిస్తుంది. ఆ గంటసేపు నడవాలో కిటికీ దగ్గర నిలబడండి. ఆరు బెర్తుల పెట్టెలో పై బెర్తు తక్కువ ధరకి వస్తుంది కానీ కూర్చుంటే తల తగులుతుంది, కింది బెర్తే తీసుకోండి. పెట్టె చివర వేడినీళ్ల కుళాయి ఉంటుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న రెడీ మిక్స్ ఉప్మా ప్యాకెట్‌కి ఆ నీళ్లు చాలు.

శాకాహారులకు ఇబ్బంది అని మనవాళ్లు భయపెడతారు. భయం అక్కర్లేదు, జాగ్రత్త కావాలి. మామూలు హోటల్లో ఆకుకూర అడిగినా చేప సాస్ పడుతుంది. "చాయ్" అని బోర్డు ఉన్న కొట్లు వేరు, అవి బౌద్ధుల శాకాహార హోటళ్లు. చాంద్రమానం ప్రకారం నెలలో ఒకటో రోజున, పదిహేనో రోజున మాంసం మానేసేవాళ్లు చాలామంది కాబట్టి ఆ రెండు రోజులూ అక్కడ కిటకిటే. పద్ధతి తేలిక: అద్దం వెనక వరసగా గిన్నెలుంటాయి, వేలు చూపిస్తే ప్లేటులో అన్నం మీద వడ్డిస్తారు. టమాటా గుజ్జులో ఉడికిన టోఫు, పుట్టగొడుగులు, వెల్లుల్లి వేసి పెద్ద మంట మీద గబగబా వేయించిన తూటికూర. మన చెరువుల్లో దొరికే ఆ తూటికూరే అక్కడ రోజువారీ కూర. పక్కనే చిన్న గిన్నెలో పలచటి పులుసు. నలభై, యాభై వేల డాంగ్‌లకి కడుపు నిండుతుంది. కారం సరిపోదు, ఒక ఆవకాయ ప్యాకెట్ దగ్గర పెట్టుకోండి.

ఊళ్లో తిరగడానికి బస్సులే మేలు. హనోయ్ ఎయిర్‌పోర్టు నుంచి 86 నంబరు బస్సు 50 వేల డాంగ్ లోపే ఊళ్లోకి తీసుకెళ్తుంది, టాక్సీకి దానికి ఐదారు రెట్లు. సైగాన్‌లో 109 ఉంది. 2024 డిసెంబరులో మొదలైన మెట్రోలో చివరిదాకా వెళ్లినా టికెట్ 20 వేల డాంగే. బస్సు లేనిచోట గ్రాబ్ అనే యాప్‌లో పిలిచే బైకు. రోడ్డు దాటేటప్పుడు ఒకే వేగంతో నెమ్మదిగా నడవండి, బైకులు మిమ్మల్ని తప్పించుకుని పోతాయి. మధ్యలో ఆగినా, పరిగెత్తినా ప్రమాదమే. సైగాన్‌లో ఫుట్‌పాత్ అంచున నిలబడి ఫోను చూసుకోవద్దు. బైకుల మీద వచ్చి లాక్కుపోతారు.

చూడ్డానికి ఖర్చు దాదాపు లేదు. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా హనోయ్‌లో హోవన్ కియెమ్ సరస్సు చుట్టూ బండ్లు ఆపేస్తారు, ఊరంతా నడకకి దిగుతుంది. దనాంగ్‌లో మీ ఖే బీచ్ ఉచితం. అక్కడ ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చామ్ జాతివాళ్ల శిల్పాల మ్యూజియానికి మాత్రం టికెట్ కొని వెళ్లండి. మీ సోన్ అనే చామ్‌ల పాత గుళ్ల చోటు నుంచి తెచ్చిన శివుడు, గణపతి విగ్రహాలు, లింగాలు, సంస్కృత శాసనాలు చూస్తుంటే సగం పూట తెలియకుండా గడిచిపోతుంది. సైగాన్‌లో బెన్ థాన్ మార్కెట్ దగ్గరే తమిళులు కట్టించిన మారియమ్మన్ గుడి ఉంది. ఇప్పుడు అక్కడ అగరొత్తులు వెలిగించేవాళ్లలో ఎక్కువమంది వియత్నాంవాళ్లే.

ఈ-వీసా ప్రభుత్వ సైట్లో 25 డాలర్లు, 90 రోజుల దాకా ఇస్తారు. ఏజెంటు అక్కర్లేదు. మన తెలుగువాళ్ల ఇంటిపేర్లు పొడుగు కాబట్టి పాస్‌పోర్టు అడుగున ఉన్న రెండు వరుసల్లో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే నింపండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఎయిర్‌పోర్టులో టెన్షన్ తప్పదు.

వాతావరణం చూసుకునే బ్యాగు సర్దండి. జనవరిలో హనోయ్‌కి స్వెటర్ కావాలి, అదే వారం సైగాన్‌లో చెమటలు కారతాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో దనాంగ్‌లో వానలు వదలవు. చవక విమానాల్లో చేతి సామాను 7 కిలోలే, కాబట్టి బరువైన జాకెట్ ఒంటిమీదే ఉంచుకోండి. జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో టెట్ పండగ, అంటే వాళ్ల చాంద్రమాన కొత్త సంవత్సరం, వస్తుంది. మనకు సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టే ఆ వారం సైగాన్ ఖాళీ అవుతుంది: కొట్లు మూసేస్తారు, రైలు బెర్తులు వారాల ముందే అయిపోతాయి, ఉన్న గదుల రేట్లు పెరుగుతాయి. విమానం టికెట్ తీసుకునే ముందు ఆ ఏడాది టెట్ ఎప్పుడో చూసుకోండి.