సిమెంట్ రేకుల కింద ఇరవై ఏళ్ళు: ఏది పనిచేసింది, దేనికెంత అయ్యింది

రేకుల ఇంట్లో ఉండేవాళ్ళు నన్ను అడిగేవి ఎప్పుడూ రెండే ప్రశ్నలు. వేడి ఎలా తగ్గించాలి? ఆ రేకుల వల్ల క్యాన్సర్ వస్తుందంటున్నారు, నిజమేనా? ఈ రెండిటినీ కలిపి ఆలోచించాలన్నది నా గట్టి అభిప్రాయం. వేడి తగ్గించుకోవడానికి మనం చేయించే పనుల్లోనే రేకుని గీకేవి, కోసేవి, బెజ్జాలు పెట్టేవి ఉంటాయి. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

మాది కొత్తగూడెం. మే నెలలో 45 డిగ్రీలు దాటడం మాకు మామూలే. నాన్న సింగరేణిలో చేసి రిటైరయ్యారు. 2003లో పెంకులు దింపించి సిమెంట్ రేకులు వేయించారు. ముందు రెండు గదులు కలిపి 450 చదరపు అడుగులు, వరండా 150, వెనక వంటిల్లు, బాత్రూమ్ కలిపి ఇంకో 100. ఈ ఇరవై ఏళ్ళలో ఆ కప్పు మీద దాదాపు అన్ని ఉపాయాలూ చేశాం. ఇప్పుడు ముందు గదుల మీద పఫ్ ప్యానెల్ (రెండు లోహపు రేకుల మధ్య ఫోమ్ నింపిన పలక), వరండా మీద కలర్ కోటెడ్ రేకు ఉన్నాయి. వెనక వైపు ఇంకా పాత సిమెంట్ రేకులే.

ముందు ఆరోగ్యం సంగతి. ఈ రేకుల్లో సిమెంట్‌తో పాటు సుమారు 8 నుంచి 10 శాతం తెల్ల ఆస్బెస్టాస్ నార (ఒక రకం ఖనిజపు పోగులు) ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ అన్ని రకాల ఆస్బెస్టాస్‌నీ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలోనే పెట్టింది. బ్రిటన్ 1999లో, ఆస్ట్రేలియా 2003 చివర్లో పూర్తిగా నిషేధించాయి. మన దేశంలో మాత్రం నార దిగుమతి అవుతూనే ఉంది, రేకులు షాపుల్లో దొరుకుతూనే ఉన్నాయి. అలాగని రేకు కింద పడుకున్నంత మాత్రాన రోగం వస్తుందని హడలిపోనక్కర్లేదు. రేకు గట్టిగా ఉన్నంతకాలం నార సిమెంట్‌లో బిగిసి ఉంటుంది. విరిగినప్పుడు, కట్టర్‌తో కోసినప్పుడు, డ్రిల్ పెట్టినప్పుడు, ఇనుప బ్రష్‌తో రుద్దినప్పుడు కంటికి కనపడని పోగులు గాల్లోకి లేస్తాయి. అవి ఊపిరితిత్తుల లోతుకి వెళ్తే కొన్ని ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోతాయి.

మా మేస్త్రీకి ఈ మాట చెబితే, "ఇరవై ఏండ్ల నుంచి కోస్తున్న సార్, నాకేం కాలే" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. కానీ ఈ జబ్బులు బయటపడటానికి పట్టే కాలమే ఇరవై నుంచి యాభై ఏళ్ళు. బొగ్గు దుమ్ము మధ్య పనిచేసిన నాన్నకి మాత్రం ఎవరూ విడమరచి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో రేకుకి కట్టర్ తగలలేదు.

రేకు పాతబడిందని ఎలా తెలుస్తుంది? చూరు కింద వాన నీళ్ళు పడేచోట చూడండి. సన్నటి బూడిద రంగు మడ్డి పేరుకుంటుంది. రేకు అంచు దగ్గరగా చూస్తే పైన ఉండే నున్నటి పొర పోయి, పాత గోనెసంచి అంచులా సన్నటి నూగు కనిపిస్తుంది. హుక్కుల చుట్టూ నెర్రెలు మొదలవుతాయి. ఈ మూడూ కనపడితే రేకు మార్చడానికి డబ్బు పోగేసుకోవడం మొదలుపెట్టాలి. రంగులు, అతుకులతో ఇంకా లాగాలని చూడకూడదు. మడ్డిని పొడిగా ఉన్నప్పుడు చీపురుతో ఊడ్వకుండా నీళ్ళు చల్లి, తడిగుడ్డతో ఎత్తేయాలి.

ఇక వేడి. మొదట్లో అందరిలాగే సున్నంలో వైట్ సిమెంట్, కొంచెం జిగురు కలిపి పూసేవాళ్ళం. ఖర్చు చాలా తక్కువ, ఆ ఎండాకాలం గడిచిపోతుంది, వానలకి కొట్టుకుపోతుంది. చేతిలో డబ్బు లేనప్పుడు ఇప్పటికీ ఇదే చేయమంటాను.

తర్వాత వేయించింది థర్మకోల్ సీలింగ్. మా దగ్గర అప్పట్లో చదరపు అడుగుకి 35 రూపాయలు పడింది. పగటి సెగ ముఖానికి కొట్టడం తగ్గిన మాట నిజం. కానీ రేకుకీ సీలింగ్‌కీ మధ్య ఎలుకలు కాపురం పెట్టాయి. పైనుంచి రాలిన దుమ్మంతా సీలింగ్ మీద చేరింది, ఒక పలక పక్కకి జరిపితే చాలు నెత్తిన పడేది. దానికి తోడు థర్మకోల్ తొందరగా అంటుకుంటుంది, దాని పక్కనే కరెంటు వైర్లు. నేనైతే ఎవరికీ వేయించమని చెప్పను. పీవీసీ సీలింగ్ దీనికంటే మెరుగు, అతుకుల దగ్గర దుమ్ము దిగదు. మా చెల్లెలి ఇంట్లో అడుగుకి 90 రూపాయలు అయ్యింది. సీలింగ్ ఫ్రేమ్‌ని గోడలకి, కప్పుని మోసే ఇనుప పైపులకి బిగించాలి. రేకుకి డ్రిల్ పెట్టి వేలాడదీస్తామంటే ఒప్పుకోకండి.

నాకు పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం ఇచ్చింది మాత్రం తెల్ల కూల్ రూఫ్ పెయింట్. 2016లో మొత్తం కప్పుకి రెండు పూతలు వేయించాం. రేకుకి అలలు ఉంటాయి కాబట్టి కొలత కంటే ఆరో వంతు ఎక్కువే పడుతుంది. 24 లీటర్ల పెయింట్‌కి 6,500, కూలీ 2,500, అంటే అడుగుకి 13 రూపాయల లోపే. మిట్ట మధ్యాహ్నం గదిలో మూడు డిగ్రీల దాకా తేడా చూశాం. హైదరాబాద్‌లో 2017లో దేవరకొండ బస్తీలో పేదల ఇళ్ళ మీద వేడిని వెనక్కి కొట్టే తెల్ల పొర పరిచి చూసినప్పుడు సగటున రెండు డిగ్రీలు తగ్గింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తేవడానికి ముందు జరిగిన ప్రయోగాల్లో అదీ ఒకటి. మూడు నాలుగేళ్ళకి ఒకసారి ఇంకో కోటు వేసుకోవాలి. దుమ్ము పట్టి తెలుపు తగ్గితే ఫలితమూ తగ్గుతుంది.

ఈ పెయింట్‌కి ముందు చేసే శుభ్రం పని దగ్గర మీరు దగ్గరుండి చూసుకోవాలి. పెయింటర్లు నాచు పోవాలని ఇనుప బ్రష్ పట్టుకొస్తారు, లేదా బైకులు కడిగే ప్రెషర్ మిషన్ తెస్తారు. రెండూ వద్దు. మేం బ్లీచింగ్ నీళ్ళు చల్లి రాత్రంతా వదిలేశాం. పొద్దున్నే నీళ్ళు పోస్తూ మెత్తటి చీపురుతో తోస్తే నాచు దానంతటదే జారిపోయింది. కడిగిన నీళ్ళు సంపులోకి పోకుండా ముందే గొట్టం తిప్పేశాం. పెయింట్ వల్ల ఇంకో లాభం, రేకు పైపొర అరిగి పోగులు లేవకుండా అది పట్టి ఉంచుతుంది. పైకెక్కేటప్పుడు రేకు మీద నేరుగా కాలు పెట్టకూడదు. కింద పైపు ఉన్న వరసలో చెక్క పలక వేసుకుని దాని మీదే నడవాలి. రేకు విరిగి కిందపడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ వార్తలు పేపర్లో చూస్తూనే ఉంటాం.

మరి మేం ఎందుకు మార్చాం? కోతులు, వడగళ్ళు. కోతుల గుంపు పక్కింటి డాబా మీద నుంచి దూకిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట చిట్లేది. తారు పట్టీలతో కొన్నాళ్ళు నెట్టుకొచ్చాం. 2020 తర్వాత వడగళ్ళ వానకి ముందు గదుల రేకులు ఒక్కసారే చాలాచోట్ల పగిలాయి. అక్కడితో అతుకులు ఆపేశాం.

స్లాబ్ వేద్దామంటే మా గోడలు మట్టితో కట్టిన ఇటుక గోడలు. పిల్లర్లు లేపాలి, మొత్తం నాలుగున్నర లక్షలు అన్నారు. పైగా అమ్మకి స్లాబ్ ఇష్టం లేదు. "రేకులు పగలు కాలినా రాత్రికి చల్లబడతాయిరా, మీ పిన్ని వాళ్ళ డాబా తెల్లారేదాకా కాలుతూనే ఉంటుంది" అనేది. ఆ మాట అక్షరాలా నిజం. పగలంతా మింగిన వేడిని స్లాబ్ రాత్రంతా కక్కుతుంది.

చివరికి ముందు గదులకి 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్స్ ఖాయం చేశాం. ప్యానెల్ అడుగు 130 చొప్పున 58,500. కొత్త ఇనుప పైపులకి 28,000. బిగింపు కూలీ, స్క్రూలు, కొప్పు రేకు, అంచు పట్టీలు కలిపి 19,000. హైదరాబాద్ నుంచి బండి కిరాయి 8,000. అంటే అడుగుకి 250 చిల్లర. ఇవి 2021 నాటి ధరలు, ఇప్పుడు పెంచి లెక్క వేసుకోండి. నాలుగు ఎండాకాలాలు చూశాక చెబుతున్నాను, ఫ్యాన్ కింద మధ్యాహ్నం పడుకోగలుగుతున్నాం. వాన చప్పుడు బాగా తగ్గింది. ఏసీ పెట్టినా చల్లదనం నిలుస్తుంది. లోపాలూ ఉన్నాయి. రెండు ప్యానెళ్ళు కలిసే చోట సీలెంట్ సరిగ్గా పెట్టకపోతే మొదటి వానకే కారుతుంది, మాకూ కారింది, మళ్ళీ పిలిపించి పెట్టించాం. లోపల ఉన్న ఫోమ్ మండే పదార్థం కాబట్టి వైర్లన్నీ పైపుల్లోంచే తీయాలి. పొయ్యి మీదకి మాత్రం వేయొద్దు.

వరండా మీద వేసిన మామూలు కలర్ కోటెడ్ రేకు గురించి ఆశలు పెట్టుకోవద్దని చెప్పాలి. పైపులతో కలిపి అడుగుకి 110 అయ్యింది. చూడటానికి బాగుంది, కోతులు దూకినా సొట్ట పడుతుందే తప్ప పగలదు. కానీ ఎండలో సిమెంట్ రేకు కంటే ఎక్కువ సెగ కొడుతుంది, వాన పడితే ఫోన్ మాట్లాడలేం. వరండాకి, బండి పెట్టుకునే షెడ్డుకి సరే. పడుకునే గదికి వేస్తే కింద తప్పకుండా ఇన్సులేషన్ పెట్టించుకోండి. ఆస్బెస్టాస్ లేని ఫైబర్ సిమెంట్ రేకులు కూడా ఇప్పుడు మార్కెట్లో ఉన్నాయి. చార్మినార్ రేకుల కంపెనీ కూడా అలాంటివి తెచ్చింది. నేను వాడలేదు కాబట్టి వాటికి మార్కులు వేయను.

దింపడం గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే దీని మీద ఎవరూ శ్రద్ధ పెట్టరు. మామూలుగా కూలీలు సుత్తితో కొట్టి ముక్కలు కింద పడేస్తారు, గంటలో పని అయిపోతుంది, దుమ్ము వీధంతా లేస్తుంది. మేం ముందే మాట్లాడుకుని, పగలకుండా దింపినందుకు రెట్టింపు కూలీ ఇచ్చాం, 6,500. ముందుగా రేకుల్ని బాగా తడిపారు. హుక్కుల నట్లు తుప్పు పట్టి తిరగకపోతే ఇనుప హుక్కునే కత్తిరించారు, రేకుని ముట్టుకోలేదు. ఒక్కో రేకు నలభై కిలోల దాకా ఉంటుంది, తాళ్ళు కట్టి ఇద్దరు పైనుంచి వదిలితే ఇద్దరు కింద పట్టుకున్నారు. మొహానికి తువ్వాలు కట్టుకుంటే ఈ దుమ్ము ఆగదు. పీ100 ఫిల్టర్ మాస్క్ ఉత్తమం, కనీసం ఎన్95 అయినా కొని చేతికివ్వండి. అమ్మనీ పిల్లల్నీ ఆ రెండు రోజులూ పిన్ని వాళ్ళింటికి పంపాం. పనివాళ్ళ బట్టలు ఇంటికి పట్టుకెళ్ళి దులపకుండా అక్కడే తడిపించాం.

తీసిన రేకులు ఎక్కడ పెట్టాలి? ఆస్బెస్టాస్ వ్యర్థాలు 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందకి వస్తాయి. హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో, విశాఖ దగ్గర పరవాడలో ఇలాంటి వ్యర్థాల కేంద్రాలున్నాయి. అవి ఫ్యాక్టరీల కోసం నడుస్తున్నాయి, మామూలు ఇల్లుగలవాడి దగ్గరికి వచ్చి తీసుకెళ్ళే ఏర్పాటు మా ఊళ్ళో లేదు. ఇది ప్రభుత్వం వెంటనే పట్టించుకోవాల్సిన విషయం. మున్సిపాలిటీ వార్డుకొక బండి పంపినా ఎంతో మేలు. మేం విరిగిన ముక్కల్ని తడిపి, మందపాటి పాలిథిన్‌లో రెండు వరసలు చుట్టి, మా సొంత చెలకలో బావికి దూరంగా, దున్నని మూల లోతుగా పూడ్చాం. మంచి రేకుల కోసం కోళ్ళ షెడ్డుకని ఇద్దరు ముగ్గురు వచ్చారు. వాటిని మళ్ళీ కోస్తారని తెలిసి ఇవ్వలేదు. గుంతల్లో పోసి రోడ్డు చదును చేసేందుకు ఈ ముక్కలు ఎవరికీ ఇవ్వకండి. బళ్ళ చక్రాల కింద నలిగి, బడికెళ్ళే పిల్లలు పీల్చేది ఆ పొడినే.

ఇప్పుడు ఎవరైనా అడిగితే నా లెక్క ఇది. రేకు గట్టిగా ఉంటే గీకకుండా తెల్ల పెయింట్ వేయండి, అడుగుకి పదిహేను ఇరవై రూపాయల్లో అయిపోతుంది. ఇంకా వేడి అనిపిస్తే కింద పీవీసీ. నెర్రెలు వచ్చి చూరు కింద మడ్డి పడుతుంటే ఒకటీ అరా మార్చకుండా గది గదిగా మొత్తం దింపి, పడుకునే గదికి పఫ్ వేయించండి. వెనక వైపు మా వంటింటి రేకులు ఇంకా గట్టిగానే ఉన్నాయి. పొయ్యి ఉన్న చోటు కాబట్టి అక్కడ పఫ్ వేయను. పోయిన మార్చిలో ఇంకో కోటు పెయింట్ వేయించాను, కోతులు రాకుండా పైన వల కట్టించాను.