ఎస్‌ఎంపీఎస్ కొంటున్నారా? డబ్బా మీది అంకె నమ్మి డబ్బులిచ్చేయకండి

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు ఇంట్లో పాత కంప్యూటర్‌ను బాగుచేయించుకుంటూ నెట్టుకొస్తున్నవాళ్లు ఒకసారి ఇది చదవండి. రెండు నెలల కిందట 850 రూపాయలు పెట్టి ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె, కొన్నాను. అది పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది.

నాది ఇంట్లోనే డీటీపీ పని. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా ఉండే శుభలేఖలు మా ఊళ్లో మామూలే. ముహూర్తాల రోజుల్లో ఊపిరాడదు. సరిగ్గా అప్పుడే ఏడేళ్లుగా నడుస్తున్న ఎస్‌ఎంపీఎస్ ఆగిపోయింది. పరుగున బజారుకి వెళ్తే, షాపాయన అరలోంచి ఒకటి తీసి "450 వాట్స్ అన్నయ్యా, మీ సిస్టమ్‌కి ఇదే ఎక్కువ" అన్నాడు. పనిచేసే కుర్రాడు పచ్చ వైరును నల్ల వైరుకి కలిపి ఫ్యాన్ తిప్పి చూపించి, టెస్టింగ్ ఓకే అన్నాడు. బిల్లు అడిగితే "మనలో మనకి బిల్లేంటి, నేను లేనా" అని షాపాయన, "కిచ్ఛి హెబ నాహిఁ" (ఏమీ కాదులే) అని కుర్రాడు. చేతిలోకి తీసుకుంటే ఖాళీ టిఫిన్ క్యారేజీలా తేలిగ్గా ఉంది. అనుమానం అక్కడే రావాల్సింది. ఇంట్లో పెళ్లివారు కూర్చుని ఉన్నారు, రాలేదు.

ఫ్యాన్ తిరగడం పరీక్షే కాదని ఇప్పుడు తెలుసు. బరువు మోయించకుండా ఎద్దును కొన్నట్టే అది.

మొదటి వారంలోనే కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యేది. యూపీఎస్ బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కూడా వేయించాను, అదో దండగ. యూపీఎస్ బ్యాటరీ మీదికి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. మంచి ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటును కాస్త దాచి ఉంచే పెద్ద కెపాసిటర్ దాదాపు 16 మిల్లీసెకన్ల పాటు నెట్టుకొస్తుంది. చవక సరుకులో కక్కుర్తి పడేది ముందు అక్కడే.

మూడో వారం ఒక పెద్ద ఫ్లెక్సీ ఫైలు సేవ్ చేస్తుంటే 'టప్' మని శబ్దం, కాలిన వాసన. అయిపోయింది.

తర్వాత తీరిగ్గా దాని లేబుల్ చదివాను. కొనేముందు చదవాల్సింది అదే. 12 వోల్టుల దగ్గర 14ఏ, అంటే 14 ఆంపియర్లు, అని ఉంది. 12 ఇంటూ 14 అంటే 168 వాట్లు. 5 వోల్టులు, 3.3 వోల్టుల లైన్లు కూడా కలిపి చూస్తే మొత్తం 311. డబ్బా మీదేమో అరచేయంత అక్షరాలతో 450! ఇప్పటి కంప్యూటర్లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తినేది ప్రధానంగా ఆ 12 వోల్టులనే. నా ప్రాసెసర్ 65 వాట్లు, కార్డు 75, ఆ రెండిటికే 140. ప్రాసెసర్ ఒక్కోసారి 65 దాటి కూడా లాగుతుంది. ఆ 168 అయినా నిజమో కాదో దేవుడికెరుక.

హార్డ్ డిస్క్ మాత్రం బతికింది. శ్రీకాకుళంలో ఒక మెకానిక్ దాని బోర్డు మీదున్న చిన్న డయోడును చూపించాడు. వోల్టేజీ ఎక్కువొస్తే ముందు తాను షార్ట్ అయిపోయి మిగతా బోర్డును కాపాడటమే దాని పని. దాన్ని తీసేస్తే డిస్క్ తిరిగింది. ఇక కాపలా లేదు, వెంటనే డేటా కాపీ చేసుకోమన్నాడు. నలభై పెళ్లిళ్ల ఫైళ్లు ఆ ఆవగింజంత ముక్క పుణ్యం.

ఈసారి కొన్నదానికి 12 వోల్టుల దగ్గర 36ఏ ఉంది, అంటే 432 వాట్లు. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు, ఐదేళ్ల వారంటీ, సీరియల్ నంబరు వేసిన జీఎస్టీ బిల్లు. ధర మూడు రెట్ల పైనే. అయినా బ్యాటరీ, మదర్‌బోర్డు ఖర్చు కలుపుకుంటే మొదటిదే ఖరీదైనది.

బిగించేటప్పుడు ఇంకో గండం తప్పింది. ఏడేళ్లు నడిచిన నా పాతదీ, ఈ కొత్తదీ కేబుళ్లు ఊడదీసే రకం. "లోపల వైర్లు ఉన్నాయి కదా, వాటికే తగిలిద్దాం" అన్నాడు మెకానిక్ దగ్గరి అబ్బాయి. వద్దన్నాను. సాకెట్‌లో సరిగ్గా దూరినా, కంపెనీని బట్టి లోపలి పిన్నుల వరుస మారిపోతుంది. 5 రావాల్సిన చోట 12 వచ్చిందంటే డిస్క్ బూడిదే. కొత్తదానితో వచ్చిన కేబుళ్లే వాడాలి. కంపెనీ డెస్క్‌టాప్ అయితే ముందు మూత తీసి ప్లగ్గు, సైజు చూసుకోండి, కొన్నిటికి మామూలువి పట్టవు. పాత ఎస్‌ఎంపీఎస్ మూత మాత్రం తీయకండి, ప్లగ్ పీకిన తర్వాత కూడా లోపల కరెంటు దాగి ఉంటుంది. కేబినెట్ ముట్టుకుంటే చిమచిమలాడుతోందంటే గోడ సాకెట్‌కి ఎర్త్ లేదేమో చూపించండి. మా ఇంట్లో అదే తేలింది.

షాపాయన "కరెంటు వల్ల పోయింది, నేనేం చేస్తాను" అని చేతులు దులుపుకున్నాడు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. నా దగ్గరున్న రుజువు ఫోన్‌లో డబ్బు పంపిన వివరం ఒక్కటే, కచ్చా బిల్లు కూడా లేదు. మీరు బిల్లు వదలకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం విశాఖలో కొన్నా, పాతపట్నంలో కొన్నా, మనం ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. 5 లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు.

షాపు పేరు ఇక్కడ రాయను. మొన్న అటుగా వెళ్తే ఆ డబ్బాలు అదే అరలో వరసగా ఉన్నాయి. పసుపు అట్ట, మీద నల్ల అక్షరాలు. పక్కకి తిప్పి 12 వోల్టుల గడి చూడండి, 14ఏ అని ఉంటే అదే.