పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ 12, ఎలా ఉందంటే

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ఒక షాపులో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ తీసుకున్నా, షాపాయన అడక్కుండానే క్రాక్ చేసిన విండోస్ ఎక్కించిచ్చాడు, పైగా "అందరూ ఇదే వాడతారు తమ్మీ, ఏం కాదు" అని డైలాగు. రూమ్‌కి రాగానే దాన్ని పీకేసి డెబియన్ వేశా, అంటే విండోస్ బదులు వాడుకునే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్.

వైఫై రాదని సీనియర్లు తెగ భయపెట్టారు గానీ డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ (వైఫై చిప్‌లాంటి పార్ట్స్ పనిచేయడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) కూడా ఇన్‌స్టాలర్‌లోనే ఇచ్చేస్తున్నారు కాబట్టి హాస్టల్ వైఫై వెంటనే పట్టేసింది. సోర్స్ కోడ్ బయటపెట్టని ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లో పెట్టొచ్చా వద్దా అని 2022లో డెబియన్ డెవలపర్లు ఓటింగే పెట్టుకున్నారు, ఏ కంపెనీ మనల్ని అలా అడుగుతుంది చెప్పండి? పెట్టొచ్చనే తేలింది. కోడ్ అంతా ఓపెన్‌గానే ఉండాలనే పక్కా ఫ్రీ సాఫ్ట్‌వేర్ బ్యాచ్‌కి ఆ రిజల్ట్ నచ్చలేదు, నాకైతే ఓకే, అసలు నెట్టే రాకపోతే ఫ్రీడమ్‌ని ఏం చేసుకుంటాం.

విండోస్‌లోలా స్టార్ట్ మెనూలో యాడ్స్ గోల లేదు, అప్‌డేట్ ఎప్పుడో నా ఇష్టం. తెలుగు టైపింగ్‌కి ఐబస్ అనే కీబోర్డ్ టూల్ పెట్టుకుంటే చాలు.

చిరాకు ఒక్కటే, ప్యాకేజీలు (డెబియన్ ఇచ్చే సాఫ్ట్‌వేర్లు) పాతవి. ప్రోగ్రామింగ్ భాష పైథాన్ 3.11 దగ్గరే ఆగింది, పైగా పైథాన్ లైబ్రరీలు వేసుకోడానికి మామూలుగా పిప్ ఇన్‌స్టాల్ కొడితే ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ (ఈ పైథాన్‌ని సిస్టమే చూసుకుంటుంది) అని ఎర్రర్ మొహాన కొడుతుంది. venv, అంటే ప్రాజెక్ట్‌కి విడిగా ఒక పైథాన్ ఫోల్డర్, చేసుకుని అందులో వేసుకోండి, ఆ ఎర్రర్ దాటడానికి సుడో (అడ్మిన్ హక్కులతో నడిపే కమాండ్) మాత్రం కొట్టకండి, దాటదు కూడా.