సోరియాసిస్ ఇంజెక్షన్ తీసుకుంటూ షాపు క్రీములు కూడా: చాన్నాళ్లు వాడాక నా అభిప్రాయం

సోరియాసిస్‌కు సెకుకినుమాబ్ అనే ఇంజెక్షన్ మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. మొదట్లో వారానికోసారి, ఇప్పుడు నెలకోసారి 300 మిల్లీగ్రాములు. వీపు, మోచేతుల మీద మచ్చలు దాదాపు పోయాయి. ఇంత ఖరీదైన మందు పడుతుంటే ఇంకా ఈ ట్యూబులెందుకని మా ఇంట్లోవాళ్లే అడుగుతుంటారు. మడమలు, తల ఇంకా దారికి రాలేదు మరి. ఇంజెక్షన్ లోపలి వాపును ఆపుతుందే గానీ, మా కావలి ఉప్పుబోరు నీళ్లకు ఎండిపోయిన చర్మాన్ని మెత్తబరచదు.

అన్నిటికన్నా అక్కరకొచ్చింది చవకైనదే, వాసన లేని తెల్ల పెట్రోలియం జెల్లీ. స్నానం చేశాక ఒంటి తడి పూర్తిగా ఆరకముందే రాయాలి. రోహిణీ కార్తెలో మాత్రం దాంతో బయటికెళ్తే ఉక్క, చెమట, దురద. అందుకే ఎండాకాలం పగలు పలచటి లోషన్, రాత్రికి జెల్లీ.

మడమలకు 10 శాతం యూరియా క్రీము. పొలుసు మెత్తబడుతుంది, కానీ పగుళ్లలో పడితే మంటకు ప్రాణం పోతుంది. శాలిసిలిక్ యాసిడ్ ఆయింట్‌మెంట్ మందపాటి పొలుసును ఊడదీస్తుంది గానీ ఒళ్లంతా పూసుకునేది కాదు. డాక్టర్ కాల్సిపోట్రియాల్ (విటమిన్ డి రకం పూతమందు) కూడా రాసుంటే రెండూ కలిపి రాయకండి, యాసిడ్ తగిలితే అది పని చేయదు. పొలుసు వదులైంది కదా అని గోటితో గీకినా కష్టమే, దెబ్బ తగిలిన చోటే కొత్త మచ్చ లేస్తుంది.

తలకు కోల్‌టార్ షాంపూ. పని చేస్తుంది, కాదనను. వాసన మాత్రం రోడ్డు వేస్తున్నట్టే! ముందు రాత్రి కొబ్బరినూనె పెట్టుకుంటే పొలుసు తేలిగ్గా వదులుతుంది. తారు తగిలిన చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది, కాబట్టి మధ్యాహ్నం బయట తిరిగే పనుంటే ఆ రోజు వాడను.

ఇక అసలు భయపడాల్సింది స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన ట్యూబు. "అన్నా, ఇది రాయి, మూడ్రోజుల్లో పోద్ది" అని షాపులో చేతికిచ్చేస్తారు. పోద్ది, నిజమే. ఆపేశాక అంతకు రెట్టింపై తిరిగొస్తుంది, ఈలోగా చర్మం పలచబడుతుంది. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను కేంద్రం 2018లో షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. మనలాంటివాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఈ ఇంజెక్షన్ అడ్డుకునే ఐఎల్-17ఏ అనే ప్రొటీన్ వాపు పుట్టించేదే అయినా, ఒంట్లో ఈస్ట్ ఫంగస్‌ను కాపలా కాసేవాటిలో ఒకటి. గజ్జల్లో కొత్తగా ఎర్రబడితే అది సోరియాసిసే అనుకోనక్కర్లేదు, ఫంగస్ కావచ్చు. దాని మీద స్టెరాయిడ్ రాస్తే రూపం మారిపోయి డాక్టరుకు కూడా పోల్చుకోవడం కష్టమవుతుంది. అందుకే నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోటకు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు వాడుతున్న ట్యూబులన్నీ కవర్లో వేసుకెళ్తాను. పేర్లు చెప్పడం కన్నా అదే సులువు.

ఇంజెక్షన్ రోజు తొడకు, పొట్టకు ఏ క్రీమూ రాయను, మచ్చ ఉన్న చోట సూది వేయను. పెన్ను ఫ్రిజ్‌లోంచి తీసి ఓ పావుగంట నుంచి అరగంట బయట ఉంచితే సూది మంట తక్కువ. జెల్లీ రాత్రికి.