తడి తగిలే చోట: నైలాన్ బుష్షా, డెల్రిన్ బుష్షా?

నీళ్ల పంపుకి ప్లాస్టిక్ బుష్ (తిరిగే ఇరుసు, అంటే షాఫ్ట్, చుట్టూ ఉండే గొట్టం లాంటి ముక్క) కావాలంటే లేత్ షాపులో మొదట వినిపించేది నైలాన్ పేరే. చవక, గట్టిది. కానీ దానికి దాహం ఎక్కువ. పూర్తిగా నానితే నైలాన్ 6 అనే రకం తన బరువులో దాదాపు 9 శాతం నీటిని పీల్చుకుంటుంది. డెల్రిన్ అనే మరో గట్టి ప్లాస్టిక్ పీల్చేది దాదాపు ఒక్క శాతమే.

నీటి అణువులు నైలాన్‌లోని గొలుసుల్లాంటి పొడవాటి అణువుల మధ్య దూరి వాటి పట్టు సడలిస్తాయి, దాంతో నైలాన్ ఉబ్బుతుంది. హౌసింగ్‌లో, అంటే బుష్ కూర్చునే గూడులో, బిగించిన బుష్ బయటికి ఉబ్బలేక లోపలికి ఉబ్బుతుంది. బిగించిన రోజు సాఫీగా తిరిగిన షాఫ్ట్, కొన్ని వారాలకి పట్టేస్తుంది. గాజు పీచు కలిపిన నైలాన్‌లో ఈ ఉబ్బు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

అలాగని తేమ నైలాన్‌కి శత్రువేమీ కాదు. బాగా ఎండిన నైలాన్ దెబ్బకి పెళుసుగా విరుగుతుంది, కాస్త తేమ ఉంటేనే ఓర్చుకుంటుంది. అందుకే కుదుపులు తినే, నీళ్లలో మునగని గేరుకి నా ఓటు నైలాన్‌కే. నీళ్లలో మునిగి ఉండే బుష్‌కి మాత్రం డెల్రినే.