షింగిల్ కప్పు మీద ఫ్లాషింగ్ మౌంట్లు: ఏళ్ల తరబడి వాడాక

సోలార్ ప్యానెళ్లు పెట్టించుకుందామనుకున్న ప్రతివాళ్లకీ ముందు పట్టుకునే టెన్షన్ ఒకటే: కప్పుకి ఇన్ని రంధ్రాలు పెడితే కారదా? మాది షింగిల్ కప్పు, అంటే తారు బిళ్లలు వరసలుగా పరిచినది. దాని మీద ఫ్లాషింగ్ మౌంట్లు, అంటే నీళ్లు దిగకుండా రేకుతో వచ్చే ప్యానెళ్ల బిగింపులు, వేయించి చాలా ఏళ్లయింది. గట్టి వాన పడ్డప్పుడల్లా టార్చ్ పట్టుకుని అటకెక్కి చూస్తుంటాను. ఇంతవరకు ఎక్కడా చెమ్మ కూడా లేదు.

ఆ ఘనత సీలెంట్‌ది (సందులు పూడ్చే జిగురు లాంటిది) కాదు, రేకు అమరికది. అల్యూమినియం రేకు పై భాగం పైవరస షింగిళ్ల కిందికి దూరి ఉంటుంది, కింది అంచు కింది వరస మీద పరుచుకుంటుంది. జారే నీళ్లు రేకు మీదుగా మళ్లీ షింగిల్ మీదికే పోతాయి. మావాటికి బోల్టు దిగే చోట రేకు చిన్న గుబ్బలా లేచి ఉంటుంది, దాని మీద రబ్బరు వాషర్ బిగుస్తుంది. సీలెంట్ ఒక్కదాన్నే నమ్ముకుంటే అది ఎండలకి గట్టిపడి ఏదో ఒకరోజు పగులుతుంది.

అయితే సరుకెంత మంచిదైనా బిగించే చేతుల్లోనే ఉంది అంతా. పైవరస మేకులు రేకుకి అడ్డం తగులుతాయి. మా ఇంట్లో ఒకచోట రేకును సగమే దూర్చి బోల్టు వేయబోతే ఆపించాను. ఫ్లాట్ బార్ అనే చదునైన ఇనుప పట్టీతో షింగిళ్ల జిగురు పట్టు మెల్లగా విడదీసి, మేకు పీకి, రేకు పూర్తిగా లోపలికి పోయాకే బిగించారు. ఈ పని బాగా చలిగా ఉన్నప్పుడు చేస్తే షింగిల్ పెళుసుగా విరుగుతుంది. మండుటెండలో మెత్తబడి, కాలు పెట్టిన చోటల్లా రేణువులు రాలిపోతాయి.

ఇంకొకటి, రాఫ్టర్, అంటే కప్పును మోసే ఏటవాలు చెక్క దూలం. 5/16 అంగుళాల లాగ్ బోల్టు (చెక్కలోకి తిప్పి దించే లావు స్క్రూ) రాఫ్టర్ నడిమధ్యలో దాదాపు 2.5 అంగుళాలు దిగాలి. పనివాళ్లు వెళ్లకముందే అటకలోకి వెళ్లి చూడండి. మా అటకలో ఒక బోల్టు మొన రాఫ్టర్ పక్కనుంచి, షింగిళ్ల కింది పలకలోంచి బయటికి పొడుచుకొచ్చి కనిపించింది. అంటే దానికి రాఫ్టర్ పట్టే లేదు, పెద్ద గాలికి ప్యానెల్ లేస్తే ఆ మౌంట్ ఆపలేదు. వెంటనే తీయించి, పాత రంధ్రాన్ని సీలెంట్‌తో నింపించి, ఆ చోటు కూడా ఫ్లాషింగ్ కిందికి వచ్చేలా మళ్లీ వేయించాను.

నిర్వహణంటారా, మౌంట్ల ఎగువన చేరే ఆకుల చెత్త తీయడమే. షింగిళ్లు ఇప్పటికే ముసలివైతే మాత్రం ముందు కప్పు మార్పించండి. ప్యానెళ్లు పాతికేళ్లు ఉంటాయి. మధ్యలో కప్పు మార్చాలంటే ప్యానెళ్లు, వాటి కింది రెయిళ్లు, మౌంట్లు అన్నీ ఊడదీయాల్సిందే.